గడియారం చూసిన నర్సమ్మ

“అవ్వా, నర్సమ్మ పోతదేమో. ఊకె గడియారం చూస్తుంది.”

“పోదు బిడ్డా. నా చెయ్యి పట్టుకునే ఉన్నది గద.”

మా అవ్వతో, నన్ను కన్నతల్లితో, నేను మాట్లాడిన ఆఖరి మాటలు ఇవే. నా మనవరాలు రజిత నర్సు చదువులో చేరాలా వద్దా అని ఆలోచిస్తోంది. నిన్న నా మణికట్టు మీద వేళ్ళు పెట్టి, గడియారం చూస్తూ, “గా పని నాతోని అయితదా, అమ్మమ్మా?” అని అడిగింది. అప్పుడు గుర్తొచ్చాయి.

బెల్లంపల్లిలో బాపు బొగ్గుబాయి పనికి పోయిన పొద్దు అది. అవ్వకు జ్వరం ముదిరి నర్సమ్మ ఇంటికొచ్చింది. ఆమె దగ్గర స్పిరిటు వాసన. బస్సుకు ఆలస్యమవుతోందేమో, వెళ్ళిపోతుందేమో అని నేను ఆమె కొంగు పట్టుకుని కూర్చున్నాను.

కొంతసేపటికి ఆమె గడియారం చూడడం మానేసింది. అవ్వ చెయ్యి మాత్రం వదల్లేదు. ఇక పోదులే అని నాకు సంతోషమైంది. బాపు వచ్చేదాకా అట్లాగే కూర్చుంది.

ఆమె చూసింది నాడి అని పెద్దయ్యాక తెలిసింది. నాడి ఆగిన చేతితో ఆమెకింక పనిలేదు. నా కోసమే పట్టుకుని ఉంది.

రజితా, గడియారం చూసుడు వాళ్ళు నేర్పుతరు. గిదొక్కటి నేను చెప్తున్న. నేను చెప్పిందంతా రాసినవా? ఇగ మొదటికెళ్ళి చదువు బిడ్డా, మెల్లగ. అవ్వ మాట ఇంకొక్కసారి వింట.