తన్నిన పందిలి

పోయిన ఏడాది, తిరుత్తణి కొండకు జనం కావళ్ళు మోసే ఆడి కృత్తిక నాడు, పొద్దున తొమ్మిది గంటల నలభై నిమిషాలకు, పొదటూరుపేటలో మా ఇంటి ముందర రోడ్డు పక్కన వేసిన చలిపందిట్లో, నిండుగా పానకం ఉన్న ఇత్తడి అండాను నేను కాలితో తన్నాను. టైము నాకెలా తెలుసంటే, తిరుత్తణి బస్సు అప్పుడే వచ్చి, జనం అడ్డంగా ఉన్నారని హారన్ కొడుతూ నిలబడింది. అది రోజూ ఆ వేళకే వస్తుంది. కాలు జారి తగిలిందని కొందరు, కావడి మేళానికి పూనకం వచ్చి తన్నిందని కొందరు చెప్పుకున్నారు. రెండూ అబద్ధమే. చూసి, గురిపెట్టి, కుడికాలితో తన్నాను.

ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, నిన్న తిరుత్తణి బస్టాండులో ఎండకు ఆగలేక నన్నారి షర్బత్ అని ఒకటి కొనుక్కొని తాగుతున్నాను. ఎర్రగా ఉంది, తియ్యగా ఉంది, నన్నారి వేరు మాత్రం దాని పక్కనుంచి కూడా పోలేదు. ఉమ్మేద్దామా, మింగేద్దామా అని ఆలోచిస్తుంటే, పక్కనున్న ఒక పిల్ల ఇంకో పిల్లను మోచేత్తో పొడిచి, "అదో, తన్నిన పాట్టి" అంది. పాట్టి అంటే అవ్వ. మా పేటలో అందరూ నన్ను అట్లే పిలుస్తారని తెలుసు. తిరుత్తణి దాకా పాకిందని తెలియదు. నాకు అక్షరాలు యాభై దాటినాక వచ్చాయి. ఊరు నోటితో చెప్పుకునేదాన్ని నేను కాగితం మీద దిద్దగలనన్న పొగరు నాకుంది. అందుకని రాస్తున్నాను. తప్పులుంటే చదివేవాళ్ళు దిద్దుకోండి, కథను మాత్రం దిద్దవద్దు.

మా అత్త బతికున్నప్పుడు మా ఇంట్లో రుతువు మారిందని పంచాంగం చూసి కాదు, చెంబులో ఉన్నది చూసి తెలుసుకునేవాళ్ళం. కత్తిరి ఎండలకు తరవాణి. అన్నం వార్చిన గంజిలో నీళ్ళు కలిపి, గుప్పెడు మెతుకులు వేసి, కుండ మూతికి గుడ్డ కడితే మూడోనాటికి పులుస్తుంది. అందులోంచి తాగినంత తీసి, మళ్ళీ అంత గంజి పోయాలి, కుండను ఎప్పుడూ ఖాళీ చేయకూడదు. నిలవున్న కొద్దీ పులుపు. కొత్తగా తాగినవాడు ముఖం పక్కకు తిప్పుతాడు, తాగిన మర్నాడు తనే వచ్చి అడుగుతాడు. ఆడి గాలికి పానకం, మజ్జిగ. పానకంలో బెల్లం కంటే శొంఠి ముందు తెలియాలి, లేకపోతే అది పిల్లలను ఏమార్చే తీపి నీళ్ళు. మజ్జిగకు వెన్న తీశాకే నీళ్ళు పోయాలి. అల్లం, కరివేపాకు చేత్తో నలపాలి, రోట్లో వేస్తే చేదెక్కుతుంది. ఐప్పసి వానలకు శొంఠి, మిరియాలు, తాటిబెల్లం వేసి కాచిన నీళ్ళు. మార్గళి చలికి వేయించిన ధనియాల కాపీ, పొద్దున్నే వేడివేడి రాగి జావ. ఇవన్నీ ఎవరికైనా చేతనవును, ఇందులో విద్య ఏమీ లేదు. ఇప్పటివాళ్ళు ఫోనులో ఒక ఆడమనిషి నిమ్మకాయ పిండడం పది నిమిషాలు చూసి, చివరికి అంగడికి పోయి సీసా కొంటారు.

నేను పుత్తూరు పక్కనుంచి వచ్చిన కోడలిని. వచ్చినప్పుడు నాకు అరవం ముక్క రాదు. కాపురానికి వచ్చిన వారంలోనే ఎదురింటామె గడపలో నిలబడి, "కొంజం తణ్ణి కుడుమ్మా" అంది. తణ్ణి అంటే అరవంలో నీళ్ళు, కొంచెం నీళ్ళియ్యమ్మా అని ఆమె అడిగింది. నాకేం తెలుసు? లోపలికి పరిగెత్తి, "అత్తా, ఎవురో వచ్చి తన్నమంటా ఉండారు!" అన్నాను. మా అత్త నవ్వి ఊరుకుంది. ఊరుకోనిది మా ఆయన అక్క, నాకు వదిన. అప్పటికే ఆమెను కే.జీ.కండిగలో ఇచ్చారు, ఆ రోజు పుట్టింటికి వచ్చి ఉంది. "తన్నేదానికి నువ్వేమన్నా గాడిదవా మే?" అంది. ఆ ఒక్క మాటతో ఆమెకు జన్మకు సరిపడా మేత దొరికింది. ఎప్పుడొచ్చినా గడపలో చెప్పులు విడవకముందే, "ఏమ్మే, ఇయ్యాల ఎవుర్ని తన్నినావు?" అనేది. నా సీమంతంలో అన్నది, నా కొడుకు పుట్టినప్పుడు అన్నది, కొడుకు పెళ్ళిలో వియ్యపురాలి ముందర కూడా అన్నది. నవ్వి సర్దుకోమని మా ఆయన అనేవాడు. నేను నవ్వలేదు, సర్దుకోలేదు. ఆమె పెట్టిన చీరలు కట్టలేదు. ఆమె వస్తే మజ్జిగలో ఉప్పు ఒక పలుకు ఎక్కువే పడేది.

ఇప్పుడు అండాల సంగతి చెప్పాలి. మాది మగ్గం ఇల్లు, మా ఆయన పోయే దాకా లుంగీలు నేశాడు. ఇంట్లో రెండు ఇత్తడి అండాలు, కవల పిల్లల్లాగ ఒకే పొడుగు, ఒకే పొట్ట. ఒకటి తాగేది. ఏటేటా ఆడికి ముందర లోపల కళాయి పూయించి, కావడి మోసుకొని తిరుత్తణికి నడిచే జనానికి అందులో పానకం పోస్తాం. రెండోది గంజిది. పడుగు నూలును వీధిలో చాచి కట్టి, కుంచెతో గంజి పట్టిస్తారు, ఆ గంజి కలిపేది అందులో. వానాకాలం నూలుకు బూజు పట్టకుండా గంజిలో ఇంత మైలుతుత్తం వేస్తారు. అది నెమలి మెడ రంగులో ఉండే విషం. ఆ అండాకు కళాయి లేదు, అక్కర్లేదు. తెలియడానికి దాని మెడకు ఒక పడుగు పోగు ముడివేసి ఉంటుంది. మా ఇంట్లో నడక నేర్చిన బిడ్డకు కూడా ఆ ముడి తెలుసు. దాన్ని ముట్టుకుంటే చేతి మీద దెబ్బ పడేది.

అక్షరాలు నాకు నేర్పింది మా ఆయనే. మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకొని, పక్క గోడ మీద సుద్దముక్కతో రోజుకొక అక్షరం రాసేవాడు. నేను కండెలు చుడుతూ దాన్ని చూస్తూ ఉండాలి. సాయంత్రానికి అది రాకపోతే మర్నాడు కూడా అదే. 'ణ' దగ్గర మేమిద్దరం చాలా రోజులు ఆగిపోయాం. "ఇది వచ్చుంటే ఆ పొద్దు నువ్వు తన్నమన్నారని అనుకోకపోదువు" అన్నాడు ఒకసారి. ఆయన అంటే నాకు కోపం రాలేదు. అదే మాట, అదే నవ్వు, అక్క అంటే ఒంటికి కారం రాసినట్టుండేది.

ఆయన పోయిన తరువాత వచ్చిన మొదటి ఆడి కృత్తిక అది. తెల్లవారకముందే వదిన మొగుణ్ణి వెంటబెట్టుకొని ఆటోలో దిగింది. ఈసారి ఎవరిని తన్నావని అడగలేదు. అంతకంటే పెద్దది తెచ్చుకుంది.

"తాళి తీసిన చెయ్యి కావడికి పనికిరాదు. నువ్వు లోపల కూచో. పానకం నేను కలుపుతాను."

"ఇన్నేండ్లు కలిపింది ఈ చెయ్యే గదా వొదినా."

"అప్పుడు మా తమ్ముడుండినాడు. ఇప్పుడు నీకేముండాది?"

కొడుకు వైపు చూశాను. వాడు కాట్టుపల్లి ఓడల యార్డులో కాంట్రాక్టు పని చేస్తాడు, రెండు రోజుల సెలవు మీద వచ్చాడు. "ఒక పూటే కదా మా, అత్తతో ఏల జగడం?" అన్నాడు. ఓడలు కట్టే మగవాళ్ళకు అత్త అంటే భయం. నేను లోపలికి పోయి తలుపు వెనక కూచున్నాను. ఏడవలేదు. చేతులు ఊరుకోక, ఇంట్లో ఉన్న పెరుగంతా చిలికి, పెద్ద కుండ నిండా మజ్జిగ చేశాను. ఎవరికని అడిగితే నాకే తెలియదు.

వదిన మా కోడలిని, "ఇత్తడి అండా యాడ పెట్టినారే?" అని అడిగింది. కోడలు మా ఇంటికి వచ్చి అప్పటికి ఏడాది కాలేదు, గంజి పట్టడం దాని కళ్ళతో చూడలేదు. నడవలో కనబడుతున్న అండాను చూపించింది. వదిన దాని మెడనున్న పోగును మురికి దారం అనుకొని కొడవలితో కోసేసింది, పసుపు కొమ్ము కట్టింది. లోపల తెల్లగా ఉంది, కళాయి అనుకుంది. మగ్గం ఇంట్లో పుట్టి, మగ్గం లేని ఇంట్లో ముసలిదైతే ఇంతే. కళాయి తెలుపు వేరు, ఏళ్ళ తరబడి గట్టిపడిన గంజి తెలుపు వేరు. అందులో బెల్లం నీళ్ళు పోసి, శొంఠి వేసి, గంపెడు నిమ్మకాయలు పిండి, మూడు గంటలు నానబెట్టింది.

కావడి గుంపు వచ్చేటప్పటికి పంబ మేళంతో వీధి అదిరిపోతోంది. మజ్జిగలో ఉప్పు తక్కువైందని నేను వంటింట్లోకి పోయాను. ఉప్పు జాడీకి చెయ్యి చాచి తలెత్తితే, అటక మీద తాగే అండా బోర్లించి ఉంది. మొన్న కళాయి పూసినది, పూసినట్టే ఉంది.

అది ఇక్కడుంటే, పందిట్లో ఉన్నదేది?

ఉప్పు జాడీ ఎక్కడ పడిందో చూడలేదు. వీధిలోకి వచ్చేసరికి వదిన మొదటి గ్లాసు ముంచి, పూల కావడి భుజం మీదున్న ఒక ముసలాయన చేతికిచ్చింది. గరిటె అంచున నెమలి మెడ రంగు మెరిసింది. "తాగొద్దు!" అని అరిచాను. పంబ మోతలో నా గొంతు నాకే వినబడలేదు. ఆయన గ్లాసు ఎత్తాడు. చేత్తో ఆ గ్లాసును కొట్టాను, కాలితో అండాను తన్నాను. పానకం రోడ్డంతా పారి బస్సు చక్రాల దాకా పోయింది.

మేళం ఆగింది. వదిన రొమ్ము బాదుకుంటూ గొంతు చించుకుంది. "తన్నింది! అయ్యో, తన్నింది! దేవుని పానకాన్ని తన్నింది!"

మా వదిన మొత్తుకున్నది తెలుగు. గుంపులో వెనకున్న వాళ్ళంతా అరవవాళ్ళు. 'తణ్ణి, ఇందా' అంటే వాళ్ళ మాటలో 'నీళ్ళు, ఇదిగో పట్టు' అని. ఎవరో పుణ్యాత్మురాలు ఇంత గట్టిగా పిలుస్తోందని, వెనక వరుసలన్నీ దోసిళ్ళు పట్టుకొని ఆమె మీదికి పరిగెత్తుకొచ్చాయి. ఆమె ఇంకా గట్టిగా "తన్నింది" అంది. వాళ్ళు ఇంకా దగ్గరికొచ్చారు. "ఇంగే ఊత్తుమ్మా, ఇంగే" అని, ఇక్కడ పొయ్యమ్మా అని, ముక్కు కింద చేతులు పెట్టారు. గరిటె పట్టుకొని, ఖాళీ అండా పక్కన, నా వదిన నిలబడిపోయింది. ఎండలో నడిచొచ్చిన జనం, నాలుకలు ఎండిపోయాయి. నేను లోపలికి పోయి మజ్జిగ కుండ తెచ్చాను. ఎవరూ నా మెడ చూడలేదు. మొదట ఆ ముసలాయనే తాగాడు. తాగి, మూతి తుడుచుకొని, "ఉప్పు కమ్మి" అన్నాడు. తక్కువే, ఏం చేసేది, జాడీ పగిలింది.

గుంపు కదిలాక కొడుకు నా మీదికి వచ్చాడు. "నీకేమన్నా పిచ్చి పట్టిందా మా?"

"అటక మీద చూసి రా పో. తాగే అండా ఆడే ఉండాది."

వాడు పోయి చూసి వచ్చాడు. వచ్చి అరుగు మీద కూచున్నాడు. వదిన మాత్రం, "లోపల కళాయి ఉండింది, నా కండ్లతో చూసినా. కడుపుమంటతో తన్నింది ఇది" అంది.

"అది కళాయి కాదు వొదినా. మీయమ్మ పోసిన గంజి."

ఆ మాటకు ఆమె ముఖం ఒక్క క్షణం ఎలాగో అయింది. తెలిసిపోయిందని నాకు తెలిసింది. తెలిసినా ఒప్పుకునే రక్తం కాదు వాళ్ళది. ఆమె మొగుడు అప్పటికే చింతపండు, ఇసుక వేసి అండాను తోమడం మొదలుపెట్టాడు. గంజి పోయింది, నిమ్మ పులుపుకు లేచిన పచ్చ చిలుము పోయింది, సాక్ష్యం పోయింది. బంగారంలాగ మెరుస్తున్న దాన్ని ఆటోలో ఎక్కించుకున్నారు. పోయేముందు వదిన గొంతు ఆరిపోయి దగ్గుతుంటే, గ్లాసులో మిగిలిన మజ్జిగ పోసి చాచాను. "చచ్చినా నీ చేతిది తాగను" అని వీధి కొళాయి దగ్గరికి పోయి తిప్పింది. కొళాయి కూడా ఆమె మాట వినలేదు.

ఆ తరువాత ఆమె ఊరూరా చెప్పుకుంది, తమ్ముడు పోయిన ఏడాది తిరగకముందే మరదలు దేవుని సొత్తును తన్నిందని. దీపావళికి రాలేదు, నేను పిలవలేదు. తమ్ముడి సంవత్సరీకానికి వచ్చి, పక్కింట్లో నీళ్ళడిగి తాగి పోయింది. ఆమె తప్పు ఒప్పుకుంటే నేను మెత్తబడతానని మా కోడలికి ఆశ. నేను మెత్తబడను. ఈ ఏడు కృత్తికకు మాత్రం అండా దించేది, కలిపేది, పోసేది నేనే. ఆపేవాళ్ళు వచ్చి ఆపండి. కాలు ఇంకా ఆడుతూనే ఉంది.

ఆ రోజు అక్కడ ఉన్నవాళ్ళను రాసి ముగిస్తాను, రేపు ఎవరైనా కాదంటే వీళ్ళను అడగండి. నా కొడుకు మురుగేశు. కోడలు విజయ. వదిన మొగుడు దొరసామి అన్న. నాకు మొదటిసారి తణ్ణి అడిగిన ఎదురింటి సెల్వక్క, ఆమె ఆ రోజు అరుగు మీద కూచొని అంతా చూసింది, ఇప్పటికీ తలుచుకొని నవ్వుతుంది. పేరు అడగని కావడి ముసలాయన. నేను, కనకమ్మ. వదిన, రుక్మిణి. మొగుడి పేరు నోటితో అనకూడదని మా అత్త నేర్పింది, రాయకూడదని మాత్రం ఎవరూ నేర్పలేదు. వేలాయుధం ఆ రోజు అక్కడ లేడు. ఉండి ఉంటే ఇద్దరినీ నవ్వి సర్దుకోమనేవాడు. కాలం పోతే కోపం చల్లారుతుందంటారు, తరవాణి కుండ ముందు కూచోనివాళ్ళు చెప్పే మాట అది. మా ఇంట్లో కాలం నిలవున్న కొద్దీ పులుస్తుంది.