నేను చూడని సన్నని నాళాలు

ఈ ఉదయం కంటి పరీక్షకు వాడే రంగుమందు చుక్క ఒకటి నా వేలి మీద పడింది. కడుగుతుంటే ఆ నారింజ రంగు నీళ్లలో మెరిసే పసుపుపచ్చగా విచ్చుకుంది. రాజేశ్వరి మేడం గుర్తొచ్చారు. చాలా ఏళ్ల కిందట సుబేదారిలో ఒక చిన్న కంటి దవాఖానలో ఆమె రెటీనా డాక్టరు. నేను కొత్తగా చేరిన టెక్నీషియన్ని. కంటి లోపలి ఫోటోలు తీసి, అనుమానం ఉన్నవి వెంటనే ఆమెకు చూపించాలి. మిగతావి ఆమె సాయంత్రం చూసేవారు.

ఒకరోజు జంపఖానాలు నేసే సాంబయ్య షుగర్ ఉందని పరీక్షకు వచ్చాడు. "నాకు మంచిగనే కనవడ్తాంది బిడ్డా, జర జల్దీ తియ్యి" అన్నాడు. అక్షరాలన్నీ చదివాడు కూడా. నేను ఫోటోల మధ్యభాగం మాత్రం చూసి, నార్మల్ అని రాసి పంపించేశాను.

సాయంత్రం మేడం నన్ను పిలిచి, కంటి నరం మొదలయ్యే గుండ్రటి చోటును పెద్దది చేసి చూపించారు. రెండు కళ్లలోనూ దాని మీద వెంట్రుకకన్నా సన్నని రక్తనాళాలు చిక్కుపడి ఉన్నాయి.

"ఇవి షుగర్‌తోని కొత్తగ మొలిచినయి. ఎప్పుడన్న చిట్లచ్చు. చిట్లితే కన్నంత రక్తమే."

సాంబయ్యకు ఎన్నిసార్లు చేసినా ఫోన్ కలవలేదు.

మర్నాడు పొద్దున్నే మేడం నన్ను వెంటబెట్టుకుని అతని ఇంటికి వెళ్లారు. వాళ్లు మేడారం జాతరకు మూటలు కడుతున్నారు. నిన్న రద్దీ ఎక్కువని చెబుదామని దారంతా అనుకుంటూ వచ్చాను. నేను నోరు తెరిచేలోపే మేడం అన్నారు: "నిన్న మేము సరిగ్గ చూడలే, సాంబన్నా. తప్పు మాదే. నీ కండ్లకు వెంటనే లేజర్ చెయ్యాలె."

"బాగున్నదని మీరే రాసిస్తిరి గద!" సాంబయ్య గొంతు లేచింది. "తల్లులకు మొక్కున్నది. నేను పోవాలె."

మేడం గడప పక్కన కూర్చుని, ఆగితే చూపే పోవచ్చని చెప్పారు. చివరికి అతని భార్యే మూట కింద పెట్టి, "మొక్కు నేను అప్పజెప్త. నువ్వు మేడంతోని పో" అంది.

ఆ రోజు రంగుమందు పరీక్షలో, ఆ నాళాల చిక్కులోంచి మందు నలుపు-తెలుపు తెర మీద తెల్లగా కారడం చూశాను. లేజర్ విడతలు పూర్తయ్యేలోపే కుడికంట్లో రక్తం చిమ్మింది. ఆ చూపు సగమే తిరిగొచ్చింది. ఎడమ కన్ను నిలిచింది. కొన్నాళ్లకు సాంబయ్య మళ్లీ మగ్గం ఎక్కాడు.

"తప్పు నాది కదా మేడం, మాది అన్నరెందుకు?" అని తర్వాత అడిగాను.

"ఫోటో చూసింది నువ్వు. నీకు చూసుడు నేర్పిందెవరు?"

మేడం ఇప్పుడు లేరు. నార్మల్ అని రాసేముందు నరం చుట్టూ ఒక్కో నాళం వెంట కళ్లు నడిపిస్తాను. అయినా ఎప్పుడో ఒకటి తప్పిపోతుంది. అవతలివాళ్లు ఏమంటారోనన్న భయం ఇన్నేళ్లయినా పోలేదు. సరిగ్గా చూడలేదని చెప్పే ఫోన్ మాత్రం నేనే చేస్తాను.