గీతల్లేని బొటనవేలు

రాయపూర్ స్టేషన్‌లోని ఆడవాళ్ల వెయిటింగ్ రూమ్ నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంటుంది. పద్దెనిమిదేళ్లప్పుడు గుజరాత్‌లో రొయ్యలు ఒలిచే షెడ్డులో పనికి వెళ్తూ, రాయపూర్‌లోని మా పేట తెలీబంధా అమ్మాయిలిద్దరితో అక్కడ కూర్చున్నాను. మమ్మల్ని తీసుకెళ్లే మేస్త్రీ టికెట్ల కోసం వెళ్లాడు.

పక్క బెంచీ మీదున్న ఒకావిడ మా తెలుగు విని దగ్గరికొచ్చింది. శ్రీకాకుళం మనిషి. అలాంటి షెడ్డులోనే నాలుగేళ్లు చేసి, ఇక మానేసి ఇంటికి పోతోందట.

"ఏటమ్మా, రొయ్యల పనికేనా?" అంటూ తన బొటనవేలు నా అరచేతిలో పెట్టింది. చింతగింజలా నున్నగా ఉంది. ఒక్క గీత లేదు.

"ఐసూ, రొయ్య నీరూ తినేసినాయి. పోయినేడు ఊరెళ్తే రేషన్ పుస్తకంలో ఏలిముద్ర పడ్నేదు. నువ్వెవరివే అన్నాడు డీలరు."

నేను చెయ్యి లాగేసుకున్నాను.

"నాకు డర్ అవుతోంది దీదీ. నేను పోను."

ఆవిడ సంచిలోంచి పాత చీర పేలికలు తీసి నా వేళ్లకి ఒక్కొక్కదానికే చుట్టింది.

"ముడి గోరు ఏపుండాల. తడిస్తే మార్చు. ఎవులు నవ్వినా ఇప్పకు."

బయటి నుంచి మేస్త్రీ కేకేశాడు. చుట్టిన వేళ్లతోనే మూట ఎత్తుకున్నాను.

తర్వాత షెడ్డుకొచ్చిన కొత్త అమ్మాయిలెందరికో అలాగే కట్టాను. ఆ పని మానేసి చాలా ఏళ్లయింది. అయినా పొద్దున లేవగానే కిటికీ దగ్గరికెళ్లి బొటనవేలు వెలుగుకి పెడతాను. గీతలు కనపడ్డాకే ఊపిరి తీసుకుంటాను.