ఇంట్లో చూశారు

బడిలో పిల్లలు ఆమెను ఫొటో మేడం అంటారు. వాళ్లు గీసినవీ రాసినవీ ఫొటో తీసి, కంప్యూటర్‌లో ఎవరి పేజీలో, అంటే డిజిటల్ పోర్ట్‌ఫోలియోలో, వాళ్లవి చేర్చడం ఆమె ఉద్యోగం. నలిగిన కాగితాన్ని అరచేత్తో సాపు చేసి, తన నీడ పడకుండా పక్కకు ఒరిగి, ఊపిరి బిగబట్టి ఫొటో తీస్తుంది. మధ్యాహ్నం క్యారేజీ కూడా ఆ కంప్యూటర్ ముందే విప్పుతుంది. స్టాఫ్‌రూములో ఆమె కుర్చీ మీద ఎవరెవరివో సంచులుంటాయి. ఇంట్లో పెద్దవాళ్లు ఫోన్‌లో ఆ పేజీ తెరిస్తే బొమ్మ కింద ‘ఇంట్లో చూశారు’ అని పడుతుంది. పిన్ని ఇంట్లో ఉండి చదువుకునే బొద్దుపిల్ల బొమ్మల కింద ఆ మాట ఎప్పుడూ పడేది కాదు. తండ్రి లారీ మీద ఊళ్లు తిరుగుతుంటాడు. పిల్ల రోజూ వచ్చి, తెర వంక చూసి వెళ్లిపోయేది. ఉండబట్టలేక ఒకనాడు మేడం, బడి రిజిస్టర్లో ఉన్న ఆ పిల్ల తండ్రి పాస్‌వర్డుతో తనే పేజీ తెరిచింది. ఇక అదే అలవాటైంది.

నిన్న ఆ పిల్ల కొత్త బొమ్మ తెచ్చింది.

“మొన్నటిది మీ నాన్న చూశాడుగా, సంతోషమేనా?” అంది మేడం.

“నాన్న ఫోన్ పోయి చాలా రోజులైందంట మేడం. రాత్రి ఎవరి ఫోన్ నుంచో మాట్లాడాడు.”

మేడం కాగితాన్ని మళ్లీ సాపు చేయసాగింది.

“మీరేగా చూసేది?” అంది పిల్ల.

“పిన్నితో చెప్తావా?”

“చెప్పను. చెప్తే మీరు మానేస్తారు. కానీ ఊరికే చూస్తే ఎట్లా? ఎట్లా ఉందో చెప్పాలి కదా.”

మేడం పక్క కుర్చీ లాగి పిల్లను కూర్చోబెట్టింది. బొమ్మను చాలాసేపు చూసింది.

“రోడ్డు బాగుంది. లారీనే మరీ ఇంత చిన్నగా గీశావేం?”

“అది దూరంగా ఉంది మేడం.”