చెల్లి తలుపుకి చిప్పల దండ

మా నాన్నకి అమలాపురంలో స్టీలు సామాన్ల కొట్టు ఉండేది. నేనూ చెల్లీ ఆ గల్లాపెట్టె పక్కనే పెరిగాం. అక్కడ నేర్చుకున్న మొదటి పాఠం: "చాలా బావుందండీ" అన్నవాళ్లు కొనరు. బిందె తిరగేసి, సొట్టలు వెతికి, మూతి వంకరగా ఉందని మొహం చిట్లించేవాళ్లే కొంటారు. ఇంట్లోనూ మాది అదే పద్ధతి. నచ్చితే వంకలు పెడతాం. నచ్చకపోతే మెచ్చుకుని మెట్లు దిగిపోతాం.

అందుకే, కొత్తపేటలో చెల్లి కట్టుకున్న కొత్త ఇంటి వీధి తలుపు కోసం నా చేత్తో చేసిన గుండ్రటి దండ తీసుకెళ్తే, అది "చాలా బావుందక్కా" అనగానే నా ప్రాణం ఉసూరుమంది.

వీధంతా ఒకేలాంటి ప్లాస్టిక్ మామిడాకులు చూడలేక చేసిన దండ అది. పాత సైకిలు రిమ్ముకి కొబ్బరి పీచు చుట్టి, రాలిన కొబ్బరి పిందెలు ఎండబెట్టి కట్టాను. పీచు దగ్గర గీచిగీచి బేరమాడి, తడిది చవగ్గా కొట్టుకొచ్చానని మురిసిపోయాను. అది ఎండి వదులయ్యేసరికి పిందెలన్నీ జారి ఒక పక్కకి చేరాయి. బేరం గెలిచాను, దండ ఓడింది.

"ఆయ్, బ్రహ్మాండంగా ఉందండి వదినగారూ!" అన్నారు మరిదిగారు. ఆయన ఉద్యోగస్తుల ఇంట్లో పుట్టారు. పాపం, ఆయన పొగిడితే నిజంగా పొగిడినట్టే.

మళ్లీ వెళ్లేసరికి నా దండ పెరట్లో, వాషింగ్ మెషీన్ పైన ఉంది. దాని చుట్టూ బట్టల క్లిప్పులు.

"ఎండ తగలకుండా జాగ్రత్త చేసేనక్కా," అంది చెల్లి.

రెండోది వరికంకులతో కట్టాను. అది మా ఇంటి వసారా దాటనే లేదు. పిచ్చుకలు దాన్ని మెచ్చుకోలేదు గానీ, ఒక్క గింజ వదల్లేదు.

మూడోసారి పంతం పట్టాను. ఎండు పీచు చెప్పిన ధరకే కొన్నాను, మా నాన్న చూసుంటే అన్నం పెట్టేవాడు కాదు. కొబ్బరి చిప్పలు రంపంతో ఉంగరాల్లా కోసి, రిమ్ము చుట్టూ బిగించాను. వేళ్లన్నీ పొక్కులు. దీన్నీ "బావుంది" అంటే కాలవలో పారేద్దామనే బస్సెక్కాను.

చెల్లి తలుపు తీసింది. దండ అందుకుని తిరగేసింది.

"ఏమిటే అక్కా ఇది? వెనకాల ముడి కనిపిస్తోంది. ఈ చిప్పేమో నలుపు, పక్కదేమో గోధుమ రంగు. వానకి పాడైపోదూ?"

నాకు ఊపిరాడింది. వెంటనే కొట్టు భాషలోకి దిగాను. "నచ్చకపోతే ఇచ్చెయ్. మా పక్కింటావిడ కావాలన్నారు." ఆవిడ దాన్ని చూడనే లేదు.

"అంటే అన్నార్లే. ముందు ఆ నల్ల చిప్ప మార్చు. మేకు ఇక్కడ కొట్టించనా, ఇంకాస్త పైనా?"

"ఎందుకన్ని వంకలు, బానే ఉంది కదా?" అన్నారు మరిదిగారు.

"మీరూరుకోండి!" అన్నాం ఇద్దరం ఒకేసారి.

దండ వీధి తలుపెక్కింది. నల్ల చిప్ప మార్చితే ఇప్పుడు దాని పక్కది వెలిసిపోయినట్టుందట. అదీ మార్చాను. నిన్న ఫోను చేసి, కింది చిప్ప వంకరగా ఉందంది. చెల్లినీ, నన్నూ తిట్టుకుంటూ రంపం మళ్లీ బయటికి తీశాను.