బార్కస్ కోడి నెత్తురులో దొరికిన ఎంజైము

ఇప్పుడు హైదరాబాదు పాతబస్తీ చివరనున్న బార్కస్‌కు మండీ అనే అరబ్బుల మాంసం అన్నం తినడానికి వెళ్లేవాళ్లు నన్ను దారి అడుగుతుంటారు. నేను మొదటిసారి వెళ్లింది ఎనభైల మొదట్లో, జబ్బుకోళ్ల కోసం. కొన్ని కోళ్ల వైరసులు తమ ఆర్‌ఎన్‌ఏను డీఎన్‌ఏగా మార్చుకోవడానికి ఒక ఎంజైమును వెంట తెచ్చుకుంటాయి. నా పరిశోధన దాని మీదే. మా ల్యాబులో అందరూ విదేశాల నుంచి తెప్పించిన వైరస్‌తోనే పనిచేసేవారు. మన కోళ్లలో ఉన్నదాని జన్యుక్రమం ఎవరు చదువుతారని అడిగితే మా గైడు నవ్వారు. "పాతబస్తీలో కోళ్ల వెంట తిరిగితే పీహెచ్‌డీ రాదమ్మా" అన్నారు. మర్నాడు పొద్దున్నే ఫ్లాస్కులో ఐసు నింపుకొని బయల్దేరాను.

అఫ్జల్‌గంజ్‌లో బస్సెక్కితే చార్మినార్, శాలిబండ మీదుగా చాంద్రాయణగుట్ట గంటలోపే వస్తుంది. అక్కడి నుంచి రిక్షా. రిక్షా తొక్కే ఖాదర్ భాయ్ నా ఫ్లాస్కు చూసి "బీమార్ ఎవరికమ్మా?" అన్నాడు. కోళ్లకు అన్నాను. "అయితే నర్సమ్మ ఇంటికే పోవాలె. ఆమె కోళ్లు మస్తు సస్తున్నయి" అంటూ నేరుగా ఆమె వాకిట్లో దింపాడు.

గుడ్లమ్మి ఇల్లు నడిపే నర్సమ్మ నన్ను గడప దాటనివ్వలేదు.

"పోయినేడు గిట్లనే ఒక సారు వచ్చి రెండు కోళ్లు పట్టుకపోయిండు. ఏం రోగమో మళ్ల చెప్పనేలే. నువ్వు గూడ గంతే గదా?"

"నేను మళ్లీ వస్తాను. ఏమీ తేలకపోతే ఆ మాటే వచ్చి చెప్తాను."

ఆమె పెరట్లోకి నడిచింది. తలమీది ఎర్ర తురాయి పాలిపోయి, కడుపు ఉబ్బిన పెట్టను తనే పట్టి తెచ్చింది. రెక్క కింది నరం నుంచి నెత్తురు తీశాను. పోల్చి చూడటానికి బాగున్న కోడి నెత్తురు కూడా తీసుకున్నాను.

ల్యాబులో జబ్బుకోడి నెత్తురులోనే ఆ ఎంజైము పనిచేసింది, అంటే ఆ వైరస్ మన కోడిలోనూ ఉన్నట్టే. గైడు నమ్మలేదు. ఆయన ఎదుటే మళ్లీ చేసి చూపించాను. అదే ఫలితం.

"దీని మీద పేపరు రాస్తే నా పేరు వేయకు" అన్నారాయన.

"మీ పేరు లేకుండానే రాస్తాను సార్" అన్నాను.

ఆ వారంలోనే బార్కస్ వెళ్లాను. నర్సమ్మ గుడ్లను గంపలో పొదగేస్తోంది. ఈ రకం వైరస్ జబ్బు గుడ్డులో నుంచి కూడా పిల్లకు వస్తుందనీ, ఆ పెట్ట గుడ్లు పొదగెయ్యొద్దనీ చెప్పాను. ఆమె వాటిని ఏరి పక్కన పెట్టింది.

"గీ ఒక్క మాట చెప్తానికి ఇన్ని దినాలు పట్టిందా మీ సార్లకు?" అంది.

ఆ వైరస్ జన్యుక్రమం చదవడానికి నాకు ఇంకా చాలా ఏళ్లు పట్టింది. కానీ నా పని ఎవరికోసమో ఆ వాకిట్లోనే తేల్చుకున్నాను. ఆ తర్వాత ఎవరు నవ్వినా ఆగలేదు. నమూనాల కోసం ఊళ్లు తిరిగేవాళ్లకు ఒక్క సలహా: ఫలితం చెప్పడానికి రెండో ప్రయాణం కూడా ముందే పెట్టుకోండి. దానికి సెలవు అడిగితే ఇవ్వరు. అడక్కుండా వెళ్లండి.