సమాప్తం తరువాత జ్వరం

గుర్తుల మాస్టారికి లోకంలో ఏ వస్తువూ ఆ వస్తువులా కనిపించదు. గొడుగు చూపిస్తే గొడుగనరు, రక్షణకు గుర్తంటారు. వానలో నిలువునా తడుస్తూ మరీ అంటారు.

బళ్ళో ఆయన చెప్పేది సాహిత్యం. అందులోనూ పిల్లల కోసం రాసిన అంటురోగాల నవలలంటే ఆయనకు ప్రాణం. ఊళ్ళకు ఊళ్ళు మూతపడతాయి, పెద్దవాళ్ళంతా చేతులెత్తేస్తారు, పదహారేళ్ళ పిల్ల ఒక్కతే అందరినీ కాపాడుతుంది. బడి లైబ్రరీలో పుస్తకాలు కుట్టే పెద్దమ్మకు ఆ కథ వింటేనే ఒళ్ళు మంట.

"పదహారేళ్ళ పిల్ల తిన్న కంచం తియ్యదు, లోకాన్ని కాపాడుతుందా మాస్టారూ?"

"ఆ పిల్ల పిల్ల కాదు పెద్దమ్మా. పెద్దలు వదిలేసిన బాధ్యతకు గుర్తు."

"మరి మూతికి ఆ గుడ్డ?"

"నోరు మూయించిన ప్రభుత్వం."

"ఊరి చుట్టూ గోడ?"

"భయం."

"వెంట తిరిగే కుక్క?"

"పోయిన పాత లోకం."

"దానికి తిండెవరు పెడుతున్నారో మాత్రం ఒక్కరూ చెప్పరు," అని పెద్దమ్మ సూదిలో దారం ఎక్కించుకునేది.

ఒకసారి మాస్టారు అట్ట చిరిగిన పుస్తకం పట్టుకొచ్చి, "చూశారా, ముక్కలైన సమాజం!" అన్నారు.

"సమాజం కాదు, ఎలక."

ఆయన కాసేపు ఆలోచించి, "ఎలక అంటే..." అని మొదలుపెట్టేలోపు పెద్దమ్మ జిగురు డబ్బా తెచ్చి బల్ల మీద దబ్బున పెట్టింది.

పరీక్షలో ఒక పిల్ల తెల్లకాగితం ఇచ్చింది. మూతపడిన ఊళ్ళో ఖాళీ వీధుల్ని ఇంత బాగా ఎవరూ చూపలేదంటూ మాస్టారు పదికి నాలుగు వేశారు. టీచర్ల గది పొట్ట పట్టుకుని నవ్వింది.

ఆ ఏడు వానలకు క్లాసులో చెప్పే నవల ప్రతులు ముప్పయ్యీ జిగురు వదిలి ఊడిపోయాయి. పెద్దమ్మ అన్నిటినీ విప్పి, అన్నిటి మొదటి మడత కాగితాలు ఒక కుప్పగా, రెండో మడతవి ఇంకో కుప్పగా, ఇలా చివరిదాకా పేర్చి, కుప్పకొకటి చొప్పున తీసి వరసగా కుట్టింది. పేజీల అంకెలు ఆమె చూడదు. అవి చదువుకున్నవాళ్ళ కోసం, తనకు కుప్ప చాలు. అప్పటికే రెండు పుస్తకాలు అటూఇటూ అయ్యాయని, బడి నడిపే పెద్ద మేడమ్ గట్టిగా చెప్పి ఉన్నారు: "ఇంకొక్కటి తప్పొస్తే ఈ పని మిషను మీద పుస్తకాలు కుట్టే కొట్టుకిచ్చేస్తాను పెద్దమ్మా." ఆ కుట్టు గది తప్ప పెద్దమ్మ మాట చెల్లే చోటు ఇంకెక్కడా లేదు.

కొత్తగా కుట్టిన పుస్తకాలు పంచిన మర్నాడు, పెద్దమ్మ క్లాసులో బీరువా సర్దుతోంది. తనిఖీకి వచ్చిన పెద్ద మేడమ్ వెనక బెంచీలో కూర్చున్నారు. ముందు వరసలో ఒక అమ్మాయి లేచింది.

"సార్, ఇందులో సగానికే 'సమాప్తం' అనుంది. కథలో అమ్మాయికి రోగం తగ్గి ఇంటికొచ్చేసింది. తిప్పితే మళ్ళీ జ్వరం మొదలు!"

పెద్దమ్మ సర్దడం ఆపి బీరువా తలుపు చాటుకు జరిగింది. చివరి కుప్ప మధ్యలోకి జరిగిపోయిందన్నమాట. ఒక్కటి కాదు, ముప్పయ్యీ అంతే!

"ఏంటిది మాస్టారూ?" మేడమ్ కళ్ళజోడు సర్దుకున్నారు.

మాస్టారు తడుముకోకుండా అందుకున్నారు. "అదే మేడమ్ ఇందులో గొప్ప! రోగం చొరబడిన ఇంట్లో రోజులు వరసగా నడుస్తాయా? అయిపోయిందనుకున్నాక కూడా భయం మిగిలే ఉంటుంది. ఆ సమాప్తం మన తొందరకు గుర్తు!" అంటూ గంట కొట్టేదాకా దంచారు. మేడమ్ శ్రద్ధగా రాసుకున్నారు. వెళుతూ, "ఇంత లోతైన పుస్తకమని నాకు తెలీదు సుమా," అన్నారు.

'పిచ్చి మారాజు, తన పిచ్చితో నన్ను గట్టెక్కించాడు,' అనుకుని పెద్దమ్మ ఊపిరి పీల్చుకుంది.

సాయంత్రం మాస్టారు కుట్టు గది గుమ్మంలో నిలబడ్డారు. "పెద్దమ్మా, చివరి మడత ఆరో చోట పడింది. శుక్రవారం మేడమ్ ఊళ్ళో ఉండరు. అప్పుడు విప్పి కుడతారా?"

పెద్దమ్మ సూది పక్కన పెట్టింది. "తెలిసే చెప్పారా అదంతా?"

"పదకొండుసార్లు చదివానండీ ఆ నవల."

"అయితే ఆ తెల్లకాగితానికి మార్కులు?"

"అప్పుడు వాళ్ళమ్మ ఆసుపత్రిలో ఉంది. ఏం రాస్తుంది పాపం? ఏదో ఒక అర్థం చూపిస్తే గానీ మార్కులు వేయనివ్వరు కదా. ఇప్పుడు వాళ్ళమ్మకు బాగుందిలెండి."

థాంక్సులు చెప్పడం పెద్దమ్మకు అలవాటు లేదు. "ముప్పయ్యీ తెచ్చి ఇక్కడ పడేయండి," అంది.

"ఇరవై తొమ్మిదే తెస్తాను. ఒకటి అలాగే ఉండనివ్వండి."

"అదెందుకు? అదీ దేనికైనా గుర్తా?"

"కాదు. జ్వరం పేజీలు రాగానే ఆ తెల్లకాగితం పిల్ల పుస్తకం మూసేసేది. ఈసారి కథలో అమ్మాయి బతుకుతుందని ముందే తెలిసింది కదా, మధ్యాహ్నం కూర్చుని మొత్తం చదివేసింది. ఈ పుస్తకం నాకే కావాలంటోంది."

పెద్దమ్మ ఆ ఒక్కదాన్నీ తెప్పించుకుని, ఉన్నవాటిలోకెల్లా మందపాటి అట్ట వేసి, వెన్నుకు గుడ్డ అంటించి ఇచ్చింది. ఇంటికెళ్ళి చెప్పులు విప్పుతూనే కోడలితో అంది:

"సరిగ్గా కుట్టడానికేముందే, మిషను కూడా కుడుతుంది. తప్పు సరైన చోట పడాలంటే మాత్రం చెయ్యి తిరిగిన మనిషి కావాలి."